సీరమ్మ చేసిన సీరం

ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది. హాజరు పుస్తకంలో ఉంది, జీతం కాగితం మీద ఉంది. కానీ ఆ పరిశోధనశాలలో ఇరవై రెండేళ్ళుగా ఎవరూ ఆ పేరుతో పిలిచిన పాపాన పోలేదు. అందరికీ ఆమె సీరమ్మ. కుందేలు రక్తంలోంచి సీరం తీసి సీసాల్లో దాచిపెట్టే మనిషి కనక సీరమ్మ. ఎవరో వేళాకోళానికి మొదలుపెట్టారు, అదే అతుక్కుపోయింది. మొదట్లో ఉడుక్కుంది. తరవాత్తరవాత ఫోనెత్తి తనే "సీరమ్మను మాట్లాడుతున్నా" అనడం అలవాటు చేసుకుంది.

ఆమె శాస్త్రవేత్త కాదు, టెక్నీషియన్. ఆలోచన పెద్దాయనది, చెయ్యి ఈమెది. పెద్దాయనంటే ఆ ప్రయోగశాలకు అధిపతి. మంచివాడే. కోపమొచ్చినా గొంతు పెంచడు. కాకపోతే ఆయన దృష్టిలో చేతులనేవి గోడకున్న కుళాయిల్లాంటివి. తిప్పితే నీళ్ళు రావాలి, అంతే.

ఆ గదిలో అందరి బతుకూ ఒక్క ప్రొటీన్ మీద ఆధారపడి ఉండేది. మన ఒంట్లో ప్రతి కణానికీ గుమ్మం దగ్గర కాపలావాళ్ళుంటారు. సూక్ష్మజీవి కనబడగానే వాళ్ళు గోల చేస్తారు. ఆ గోల లోపలిదాకా అందాలంటే మధ్యలో ఒకడుండాలి. ఒక చేత్తో కాపలావాణ్ణీ, ఇంకో చేత్తో లోపలివాణ్ణీ పట్టుకుని కబురు దాటించేవాడు. వాడు లేకపోతే గుమ్మం దగ్గర ఎంత మొత్తుకున్నా లోపల ఎవరి చెవికీ ఎక్కదు, ఒళ్ళు యుద్ధానికి దిగదు. ఆ పని చేసే ప్రొటీన్‌కు అక్షరాలూ అంకెలూ కలిపిన పేరేదో ఉంది గానీ, వాళ్ళందరూ దాన్ని మధ్యవర్తి అనే అనేవారు.

కంటికి కనబడని మధ్యవర్తిని చూడాలంటే, దానికి మాత్రమే అంటుకునే యాంటీబాడీ కావాలి. పదకొండేళ్ళ కిందట సీరమ్మ మధ్యవర్తిలోని చిన్న ముక్కను నాలుగు తెల్ల కుందేళ్ళకు సూదితో ఎక్కించింది. అది పరాయిదని ఒళ్ళు గుర్తుపడితే, దానికి అంటుకునే యాంటీబాడీలు రక్తంలో తయారవుతాయి. మూడు కుందేళ్ళ రక్తం ఎందుకూ కొరగాలేదు. నాలుగోదాని చెవి నరంలోంచి మొదటిసారి వచ్చింది నాలుగు చెంచాల రక్తం. దాన్ని గడ్డకట్టనిస్తే పైకి తేరిన పసుప్పచ్చ నీళ్ళు చెంచాన్నర. అదే సీరం.

ఇక్కడే పొదుపు వచ్చిపడింది. మామూలుగా అయితే కణాలను నలిపి, ఆ రసాన్ని జెల్ గుండా పోనిచ్చి, ప్రొటీన్లను సైజు ప్రకారం విడదీసి, అరచేయంత తెల్లటి పొర మీదికి దింపుతారు. ఆ పొరను సీరంలో నానబెడితే, సీరం అంటుకున్న చోట నల్లగీత వస్తుంది. పొరంతా నానాలంటే సీరం చాలా కావాలి. ఉన్నది చెంచాన్నర. మధ్యవర్తి సైజు వాళ్ళ కొలతలో ముప్ఫై మూడని అందరికీ తెలుసు గదా, మిగతా పొరంతా ఎందుకని, ముప్ఫై మూడు గుర్తుకు అటూ ఇటూ వేలెడు వెడల్పున పట్టీ కోసి, ఆ పట్టీని మాత్రం చిన్న ప్లాస్టిక్ సంచీలో కాసిని చుక్కలతో సీలు చేసింది. తక్కిన పొర చెత్తబుట్టలోకి పోయింది. గీత వచ్చింది. కాటుకతో దిద్దినట్టు ఒక్క గీత. పెద్దాయన కుర్చీలోంచి లేచొచ్చి చూసి, "శభాష్" అన్నాడు. ఇరవై రెండేళ్ళలో ఆయన నోట ఆ మాట రావడం అదొక్కసారే.

రెండేళ్ళకు కుందేలు చచ్చిపోయింది. మూడు సీసాల సీరం మిగిలింది. ఇంక పొదుపు కాస్తా మతమైపోయింది. ఆ గదిలో కొత్తగా చేరిన ప్రతివాడికీ సీరమ్మ మొదట నేర్పే పాఠం పట్టీ కోయడమే. పొర మొత్తం తడుపుతానన్నవాణ్ణి ఇంటికి నిప్పు పెడతానన్నవాణ్ణి చూసినట్టు చూసేది.

పెద్దాయన వ్యాసాలు అచ్చయ్యాక ఎక్కడెక్కడివాళ్ళో ఆ సీరం కావాలని రాయసాగారు. ఆ ఉత్తరాలు చూసే పని ఆమెకే పడింది. చిన్న చిన్న గొట్టాల్లో బొట్లు బొట్లుగా పోసి, పొడి మంచు పెట్టెలో సర్ది, పట్టీ ఎలా కోయాలో బొమ్మతో సహా ఒక కాగితం జతచేసి పంపేది. అరవై రెండు చోట్లకు పంపింది. సీరంతోపాటు పొదుపు కూడా లోకమంతా పాకింది. అరవై రెండు చోట్లా పట్టీలు కోశారు, తక్కిన పొర పారేశారు.

ఇంట్లో ఆమె ఒక్కతే. పెళ్ళి కుదరలేదు, దానికి పెద్ద కథేం లేదు, కుదరలేదంతే. మూడో అంతస్తులో ఒక గదీ వంటిల్లూ. సాయంత్రం తాళం తీసి లోపలికి వెళ్తే మర్నాడు తాళం వేసేదాకా నోరు విప్పే పని ఉండదు. ఒక్కోరోజు పొద్దున బస్సులో టికెట్ అడగబోతే గొంతు పెగిలేది కాదు, ముందు దగ్గి సరిచేసుకోవలసి వచ్చేది. ఆదివారాలు మాత్రం అన్నయ్య ఇంట్లో భోజనం. అన్నయ్యకు ఆమె చేసేదేమిటో ఎన్నడూ బోధపడలేదు. "మా చెల్లెలిది కుందేళ్ళ ఉద్యోగం" అని అందరికీ చెప్పి నవ్వేవాడు. వదిన ఇంకో నాలుగు ఆకులు ఎక్కువ చదివింది, కుందేళ్ళకు జీతాలు పెరిగాయా అని అడిగేది.

అంచేత ఆ ఉత్తరాలే ఆమెకు తోడు. మీ సీరం బ్రహ్మాండంగా పనిచేసింది, మీ మేలు మరిచిపోలేం అని ముక్కూమొహం తెలియనివాళ్ళు రాసేవారు. ఆమె వాటిని అచ్చు తీసి ఒక ఫైలులో పెట్టుకుంది. మనసు బాగాలేనప్పుడు తీసి చదువుకునేది. ఒకాయన ఏటా ఓసారి తప్పకుండా రాసి, మీ కుందేలు ఎలా ఉందని అడిగేవాడు. చచ్చిపోయిందని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. బాగుందనే రాసేది. చచ్చి తొమ్మిదేళ్ళయినా ఆ కుందేలు ఆ ఒక్క ఉత్తరంలో ఏటేటా బాగానే ఉంది.

పెద్దాయన పదవీ విరమణ ఇంకా ఆరు నెలలుందనగా ఒక కొత్త ఉత్తరం వచ్చింది. రాసింది ఎక్కడో పరిశోధన చేస్తున్న అమ్మాయి. ఆ అమ్మాయి వాళ్ళు కణాల్లోంచి మధ్యవర్తిని తయారుచేసే జన్యువునే పీకేశారట. ఇంక అందులో మధ్యవర్తి ఉండే ప్రసక్తే లేదు. అయినా సీరమ్మ సీరంతో చూస్తే ముప్ఫై మూడు దగ్గర గీత చెక్కుచెదరకుండా వస్తోందట. "నేనే ఎక్కడో తప్పు చేస్తున్నట్టున్నాను మేడమ్, ఏమిటో దయచేసి చెప్పగలరా?" అని రాసింది.

సీరమ్మకు చర్రున కోపం వచ్చింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్న సామెత ఎవరికోసం పుట్టిందో గానీ, ఆ పూట అచ్చంగా ఆమెకోసమే పుట్టినట్టుంది. గొట్టాలు తారుమారై ఉంటాయి, పొర సరిగా కడిగి ఉండవు, మళ్ళీ చెయ్యి అంటూ పన్నెండు జాగ్రత్తలు రాసి పంపింది. మూడు వారాలకు జవాబొచ్చింది. ఆ పిల్ల పన్నెండూ పాటించింది. గీత వచ్చింది. వాళ్ళ గైడు నీకు పని చేతకాదు, ఇది మానేసి వేరే ఏదైనా చూసుకో అంటున్నాడట. రెండు నెలలుగా చేసిందే చేస్తున్నానని, తన మీద తనకే నమ్మకం పోయిందని రాసింది.

ఆ చివరి వాక్యం దగ్గర సీరమ్మ ఆగిపోయింది. ఆ కణాలు కొన్ని తనకు పంపమని రాసింది.

పెట్టె వచ్చిన రోజున పెద్దాయన ఊళ్ళో లేడు. మిగతావాళ్ళు మధ్యాహ్నం భోజనాలకు వెళ్ళారు. ఆమె మామూలు కణాల రసం ఒక పక్కా, మధ్యవర్తి లేని కణాల రసం ఇంకో పక్కా జెల్‌లో పోసి నడిపింది. ఎప్పట్లాగే పట్టీ కోసింది. చీకటి పెట్టెలాంటి కెమెరాలో పట్టీ పెట్టి తెర ముందు కూర్చుంది. రెండు పక్కలా గీత వచ్చింది. సమానంగా వచ్చింది.

మర్నాడు మళ్ళీ చేసింది. మళ్ళీ అదే. మూడోనాడు ఆమె పదకొండేళ్ళలో ఎన్నడూ చేయని పని చేసింది. పట్టీ కోయకుండా, పొర పొరంతా సీరంలో నానబెట్టింది. పది పట్టీలకొచ్చే సీరం ఒక్క పూటలో పోసేసింది. తెర మీద పైనుంచి కిందిదాకా ఏడు గీతలు లేచాయి. రెండు పక్కలా అవే ఏడు. ఆ సీరం దొరికినదానికల్లా అంటుకుంటోంది. ముప్ఫై మూడు దగ్గర ఉన్నది అదే సైజులో ఉన్న ఇంకెవరో. మధ్యవర్తి మొహం అది ఒక్కనాడూ చూసి ఎరగదు.

మొదటి రోజే పొర మొత్తం తడిపి ఉంటే ఈ ఏడు గీతలూ మొదటి రోజే కనబడేవి. చెంచాన్నర సీరం మిగుల్చుదామని చూసి పదకొండేళ్ళు పారబోసింది. ఆమె తన చేత్తో పారేసిన ముక్కల్లోనే అసలు సంగతి ఉంది. గది బయట మాటలు వినబడ్డాక గబగబా కళ్ళు తుడుచుకుని తెర ఆర్పింది. అంతసేపూ ఏడుస్తున్నట్టు ఆమెకే తెలియదు.

రెండు రోజులు ఆమె ఎటూ తేల్చుకోలేకపోయింది. విషయం తెలిసింది తనొక్కదానికే. మీ కణాలే బాగోలేవమ్మా అని ఆ పిల్లకు ఒక్క ముక్క రాస్తే సరి. ఆఖరి సీసాలో మూడో వంతే మిగిలింది, ఏడాదిలో అదీ అయిపోతుంది. ఫైలులో ఉత్తరాలు ఫైలులో ఉంటాయి. ఏటా రాసే ఆయన ఏటా రాస్తాడు. చెబితే అవేమీ ఉండవు. ఆమెకు ఉన్నదల్లా అదే, పోయేదల్లా అదే. ఆ ఉత్తరాలు లేని జీవితం ఎలా ఉంటుందో ఊహించుకుంటే భయం వేసింది. కానీ ఎక్కడో ఒక పిల్ల తన చేతులను తనే అనుమానిస్తూ కూర్చుంది. ఆ అనుమానం ఎంత చేదో సీరమ్మకు ఈ కొద్ది రోజుల్లో బాగా తెలిసింది.

పెద్దాయన తిరిగి రాగానే ఆ మూడు రోజుల గీతల బొమ్మలూ ఆయన బల్ల మీద పెట్టింది. ఆయన చాలాసేపు చూశాడు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ చూశాడు. ఆ సీరం మీద పదిహేడు వ్యాసాలు కట్టుకున్న మనిషి. పాపం, ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఇప్పుడెందుకమ్మా ఇదంతా? నాలుగు నెలల్లో నేను వెళ్ళిపోతున్నా. ఆ సీసా కూడా అయిపోతుంది. దానంతటదే సమసిపోతుంది కదా."

"అరవై రెండు చోట్లకు పంపాను సార్. అన్నీ నా చేత్తోనే సర్దాను. వాళ్ళింకా పట్టీలు కోస్తూనే ఉంటారు."

ఆయన బొమ్మలను మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు. ఆమె వెళ్ళమంటాడేమోనని నిలబడి ఉంది. చివరికి ఆయన సరేనన్నాడు. తన వ్యాసాలు వేసిన పత్రికకు తప్పు ఒప్పుకుంటూ ఒక ప్రకటన పంపిద్దామన్నాడు. ఆయన్ను తిట్టడానికి లేదు, మాట నిలబెట్టుకున్నాడు. నెలన్నరలో ప్రకటన అచ్చయింది.

అందులో ఒక వాక్యం ఉంది. ఫలానా సీరాన్ని తయారుచేసినదీ, పరీక్షించినదీ, పంచినదీ ఫలానా టెక్నీషియన్ అని, ఆమె పూర్తి పేరు ఇంటిపేరుతో సహా. చూశారా తమాషా? పదిహేడు వ్యాసాల్లో దేంట్లోనూ ఆ పేరు లేదు. గీత కాటుకలా వచ్చినన్నాళ్ళూ అది "మా ప్రయోగశాలలో తయారైన సీరం". అది కాస్తా పనికిరాదని తేలాక ఈమెది. మంచివాళ్ళు చేసే పనులే ఒక్కోసారి ఇలా ఉంటాయి. సీరమ్మ మాత్రం పెద్దాయనను పల్లెత్తు మాట అనలేదు. అచ్చులో తన పేరును వేలితో ఒకసారి తడిమి చూసుకుంది. సిగ్గూ వేసింది. ఆ సిగ్గు వెనకాల, చెప్పుకోకూడదు గానీ, కొంచెం సంతోషం కూడా వేసింది. ఇంటిపేరు తప్పుల్లేకుండా వేశారు.

ఆ పిల్లకు అందరికంటే ముందు రాసింది, తప్పు నీ చేతుల్లో లేదమ్మా, నా సీరంలో ఉంది అని. తక్కిన అరవై ఒక్క చోట్లకూ ఒక్కొక్కరికీ విడివిడిగా రాసింది. ఏటా రాసే ఆయనకు చివర్న ఇంకో మాట కలిపింది, కుందేలు చచ్చిపోయి తొమ్మిదేళ్ళయిందని, ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పినందుకు క్షమించమని. జవాబులు పదకొండు వచ్చాయి. తెలియజేసినందుకు కృతజ్ఞతలు అని ఒక్కో వాక్యం. ఆ పిల్ల మాత్రం పేజీన్నర రాసింది, ఆనందంతో ఎగిరి గంతేసినట్టుంది ఆ ఉత్తరం. తరవాత తన పనిలో తను పడిపోయింది, పడాలి కూడా. ఏటా రాసే ఆయన జవాబివ్వలేదు. పొద్దున వచ్చి కంప్యూటర్ తెరిస్తే ఉత్తరాల పెట్టె ఖాళీగా ఉండేది. అలా రోజూ ఖాళీగానే ఉంది.

మరుసటి నెలలో ఒక ఆదివారం అన్నయ్య ఇంటికి వెళ్ళేసరికి ముందుగదిలో అందరూ నిలబడి నవ్వుతున్నారు. గోడ మీద కొత్త ఫ్రేము. అద్దం వెనక ఆ ప్రకటన, ఆమె పేరు కింద ఎర్రటి సిరాగీత. మేనకోడలు ఊరికే ఇంటర్నెట్‌లో అత్త పేరు కొట్టి చూస్తే దొరికిందట. మేనకోడలు లెక్కల మనిషి. ఆ శాస్త్రపు భాషలో ఆ పిల్లకు తెలిసిన ముక్క ఒక్క అత్త పేరే. ఎంత పెద్ద పత్రికో చూసి తండ్రికి చెప్పింది. ఆయన ఆగమేఘాల మీద ఫ్రేము కట్టించాడు. వదిన కూడా ఆ పూట వేళాకోళం మానేసి, చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది.

"ఇరవై ఏళ్ళుగా కుందేళ్ళ ఉద్యోగమని నవ్వాను. తప్పేనమ్మా," అన్నాడు అన్నయ్య. "ఏం రాశారో చదివి చెప్పు. మాకర్థమయ్యేటట్టు."

ఏదో ఒకటి చెప్పేయొచ్చు. గొప్ప పని చేశానని రాశారంటే ఆ ఇంట్లో కాదనేవాళ్ళు లేరు. ఆ మొహాలు చూస్తే అలాగే చెప్పాలనిపించింది. ఎన్నేళ్ళకు నలుగురూ తన చుట్టూ చేరారు. ఆమె లేచి ఫ్రేము దగ్గరికి వెళ్ళింది.

"ఈ మనిషి తయారుచేసిన సీరాన్ని ఎవరూ నమ్మొద్దని రాశారన్నయ్యా. పదకొండేళ్ళు అది చూపించింది వేరేదాన్ని అని రాశారు."

మేనకోడలు తలదించుకుంది. అన్నయ్య ఉద్యోగానికి ముప్పేమీ లేదుగా అని మెల్లిగా అడిగాడు. లేదంది. వదిన వంటింట్లోకి వెళ్ళి, అన్నం చల్లారిపోతోంది రమ్మని పిలిచింది. భోజనాల దగ్గర కూరల గురించీ, పక్కింటివాళ్ళు తీసుకుంటున్న కొత్త మంచం గురించీ మాట్లాడుకున్నారు. ఆ తప్పును పట్టుకున్నది తనేననీ, నోరు మూసుకుని కూర్చుంటే ఎవరికీ తెలిసేది కాదనీ సీరమ్మకు చెప్పాలని ఉంది. ఎవరైనా అడిగితే చెప్పేది. ఎవరూ అడగలేదు.

పై ఆదివారం గోడ మీద ఫ్రేము లేదు. మేకు కూడా పీకేసి, ఆ చిల్లులో సున్నం మెత్తారు. దించమని ఆమె అడగలేదు. భోజనమయ్యాక అన్నయ్య ఎప్పట్లాగే మెట్లదాకా సాగనంపడానికి వచ్చాడు.

"ఆ కాగితం ఉందా అన్నయ్యా?"

అన్నయ్య వెనక్కి తిరిగి తలుపు దగ్గర ఎవరూ లేరని చూసుకుని గొంతు తగ్గించాడు. "చింపేశానమ్మా. ముక్కలు ముక్కలు చేసి పారేశా. పిల్లకు కూడా గట్టిగా చెప్పా, ఎవరి దగ్గరా ఎత్తొద్దని. ఇంకెవరికీ తెలియదులే. నువ్వేం మనసులో పెట్టుకోకు."

ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చిన్నప్పుడు ఆమె ఎక్కడ పడినా ఎవరూ చూడకముందే లేవదీసి దుమ్ము దులిపేది ఆయనే. ఇప్పుడూ అదే చేశాడు. ప్రేమతోనే చేశాడు. దాన్ని కాదనడం ఎలాగో ఆమెకు తెలియలేదు.

"మంచిపని చేశావన్నయ్యా," అంది.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. కూర్చున్నాక ఒళ్ళంతా కోపం వచ్చింది, అన్నయ్య మీద కాదు, తన మీదే. అది దాచుకోవలసిన కాగితం కాదు అన్నయ్యా, అందులో ఉన్నది నేను తేల్చిన నిజం, నాకు చేతనైన పనుల్లోకెల్లా మంచి పని అదొక్కటే అని మెట్ల మీద నిలబడి చెప్పి ఉండవలసింది. ఆయనకు చెప్పకపోతే లోకంలో ఇంక చెప్పుకోవడానికి ఎవరూ లేరు. రెండు స్టాపులు దాటాక దిగి వెనక్కి వెళ్దామా అనుకుంది. సంచీ చేతిలోకి తీసుకుని లేచి నిలబడింది కూడా. స్టాపు వచ్చింది, తలుపు తెరుచుకుంది, ఇద్దరు ఎక్కారు. ఆమె మళ్ళీ కూర్చుంది.